మగవాళ్ల వార్డులో పిలిచిన పేరు

అత్తా,

నువ్వు పోయి నేటికి ఏడాది. మంచంలో ఉన్నప్పుడు "నీ సెయ్యి సల్లనిదే, ఆస్పత్రిలో సేరు" అన్నావు. ఆ మాట పట్టుకునే నర్సులకు సాయం చేసే ఆయా శిక్షణలో చేరాను. ఈరోజు పరీక్ష జరిగింది.

రోగిని పేరు పెట్టి పిలిచి, అతను పలికాకే ఒళ్లు తుడవాలి. నాకిచ్చిన ముసలాయనది నీ కొడుకు పేరే. మొగుడి పేరు నోట రాకూడదని, ఆ పేరున్న కొండను కూడా అప్పన్న కొండ అనే అనమని నేర్పింది నువ్వే కదా! పేరుకు బదులు "ఏవండీ" అన్నాను. మంచాల మీద మగవాళ్లందరూ తలలెత్తారు.

"అందరూ నీ మొగుళ్లేటే? పేరెట్టి పిలవకపోతే ఇంటికెల్లిపో," అంది పరీక్ష పెట్టే సిస్టరమ్మ.

కళ్లు మూసుకుని "సింహాచలం!" అని అరిచాను.

"ఉన్నానమ్మా! సెవుడేటి నాకు?" అన్నాడు ముసలాయన. వార్డంతా నవ్వింది, నేనూ నవ్వాను. తర్వాత గుడ్డ తడిపి పిండాను. ఒళ్లు తుడిచి, ఆయన్ని పక్కకు తిప్పి, దుప్పటి మార్చాను.

పాసయ్యానత్తా!

పోర్టులో పని ముగించుకొచ్చిన నీ కొడుకు ఇదంతా విని, "ఏదీ, నన్నూ ఓపాలి పిలు," అని వెంటపడ్డాడు.

"అది డ్యూటీలోనే," అన్నాను.

సోమవారం నుంచి నాకు డ్యూటీ. మగవాళ్ల వార్డే అడిగి వేయించుకున్నాను.

నీ కోడలు