బూడిదలో పాదం

లివర్‌పూల్,
3 నవంబరు 1932

ప్రియమైన అమ్మకు,

ఈ ఉత్తరం ఇవాళే రాయక తప్పదు. పన్నెండున హాలన్‌టైడ్. ఆ రోజు ఎవరి పేరు రాస్తే ఏడాదంతా పొలం కౌలు వాళ్ళదే. నాన్న పోయాక వస్తున్న మొదటి హాలన్‌టైడ్ ఇది. ఈలోగా టీచర్ల కాలేజీ మానేసి వచ్చి పొలం నా పేర రాయించుకోమన్నావు. కారణం కూడా రాశావు. అక్టోబరు ఆఖర్న, మన పాత ఏడాది ముగిసే హాప్‌టునా పండగ రాత్రి, నేలపొయ్యి నిండా బూడిద పరిచి పడుకున్నావు, తెల్లారి చూస్తే అందులో పాదం, వేళ్ళు గుమ్మం వైపు. లోపలికి తిరిగితే పుట్టుక, బయటికి తిరిగితే చావు. ‘అది నా పాదమే, నా రోజులు అయిపోయాయి’ అన్నావు.

నేను నవ్వుతాననుకోకు. ఇక్కడ హాస్టల్లో నేనూ హాప్‌టునా చేసుకున్నాను. టర్నిప్ దుంప తొలిచి దీపం పెడుతుంటే నా గదిలో ఉండే హిల్డా ఒకటే గోల.

“ఏమే, ఆ దుంప నీకేం ద్రోహం చేసింది? పాపం, కళ్ళు పెరికేస్తున్నావు!”

“నోర్ముయ్యవే. వేసవి వెళ్ళిపోతోంది. దీపం చూపించి సాగనంపొద్దూ?”

తర్వాత పిండిలో ఉప్పూ మసీ కలిపి మూగరొట్టె కాల్చాను. మాట్లాడకుండా తిని, వెనక్కి నడుచుకుంటూ పోయి పడుకుంటే కాబోయేవాడు కలలోకొస్తాడని చెప్పాను. హిల్డా రెండడుగులు వేసి బీరువాకి గుద్దుకుని “చచ్చాన్రా దేవుడా!” అంది. “అయిపోయింది, నీకిక మొగుడు రాడు” అన్నాను. ఇద్దరం పొట్టలు పట్టుకుని నవ్వాం.

తను నిద్రపోయాక కిటికీ దగ్గర కనబడకుండా తిరిగే, పేరెత్తకూడని ‘వాళ్ళ’ కోసం ఒక ముక్క, నాన్న కోసం ఒక ముక్క పెట్టాను. మన దీవిలా కాదు, ఈ ఊళ్ళో వీధి దీపాలు ఆరవు, ట్రాములు ఆగవు. ఏడాది తిరిగిపోయిందని ఎవరికీ పట్టదు. నాకు మాత్రం తెలిసింది. చలికాలపు చీకటిలోకి అడుగు పెడుతున్నప్పుడు మనవాళ్ళందరినీ ఒకసారి పిలుచుకోవడం మంచి పనే అనిపించింది.

అందుకే వేళాకోళంగా కాదు, నిజంగానే అడుగుతున్నాను. ఆ పాదం నీదని ఎలా చెప్పగలవు? పైపు వెలిగించుకోవడానికి లేచి తాత తొక్కాడేమో అడుగు. కాదంటే నీ కాలు దాని పక్కన పెట్టి చూడు. చూసి, ఉన్నదున్నట్టు రాయి. అంతవరకూ నేను ఏ మాటా ఇవ్వలేను.

నీ కూతురు
ఈలిష్


క్రెగ్‌నీష్,
5 నవంబరు

నా బంగారు తల్లి ఈలిష్‌కి,

ఈ ఉత్తరం పక్కింటి కిర్రీ ఇంట్లో కూచుని రాస్తున్నా. మనింట్లో వేళ్ళు కొంకర్లు పోతున్నాయి. ఆ పాదం చెరిగిపోకుండా పెద్ద బేసిన్ బోర్లించాను. దాని మీద నిప్పు వెయ్యడానికి చేతులు రాలేదు. హాప్‌టునా నుంచీ మన పొయ్యి వెలగలేదు. వంట కూడా కిర్రీ ఇంట్లోనే. “తుడిచెయ్యవే జోనీ, ఎవరు చూశారు?” అంటుంది. “నేను చూశాగా” అన్నాను.

నువ్వు చెప్పినట్టే తాతనడిగాను.

“నా కాలా? నా కాలు పడితే బూడిద మిగులుతుందా పిచ్చిదానా! పొయ్యే కూలిపోదూ? నీ కాలు పెట్టి చూడు మరి.”

“పెట్టను మామా.”

“ఎందుకు పెట్టవే?”

“నాది కాదు గనక.”

నోరు జారాను. ముసలాయన పైపు పక్కన పెట్టేశాడు. “పిల్లదా?” అన్నాడు.

నీదే తల్లీ. సన్నటి మడమ. బొటనవేలి కంటే పొడుగ్గా రెండో వేలు. నేను నీళ్ళు పోసి పెంచిన కాలు నాకు తెలీదా? నీ పాదమని రాస్తే నువ్వు రావు. మా అమ్మ పిచ్చిది అనుకుని పుస్తకం తీస్తావు. నా పాదమంటే పరిగెత్తుకొస్తావు. అందుకే అబద్ధమాడాను. పొలం మాట కూడా అందుకే అన్నాను.

మీ నాన్నని పంపేశాను. నిన్ను పంపలేను. వచ్చెయ్. ఈ చలికాలమంతా గడప దాటనివ్వను. పాఠాలు చెప్పకపోతే కొంపలేం మునగవు. తాత కూడా రమ్మంటున్నాడు. ‘నేను రమ్మనలేదు, దగ్గాను అంతే’ అని రాయమంటున్నాడు. ఈ మనిషికి ఈ చలిలో కూడా హాస్యమే.

మీ అమ్మ


లివర్‌పూల్,
7 నవంబరు

నా ప్రియమైన అమ్మా,

నీ ఉత్తరం చదివి మంచం మీద కూచుని చాలాసేపు నా కాళ్ళు చూసుకున్నాను. భయం వేయలేదంటే అబద్ధం. హిల్డా “కాలికేమైందే?” అంది. “ఇంటికెళ్ళిందట” అన్నాను. తనకి అర్థం కాలేదు.

అది నా పాదమే. నువ్వు పొరబడవు. కానీ వేళ్ళు గుమ్మం వైపు ఉంటే చావే అని ఎందుకంటున్నామో ఆలోచించాను. మన ఇంట్లోంచి బయటికెళ్ళి తిరిగి రానివాళ్ళు ఎవరమ్మా? శవపేటికలో పెట్టి తీసుకెళ్ళినవాళ్ళే. మిగతా అందరూ పొలానికెళ్ళారు, చేపలకెళ్ళారు, చీకటి పడేసరికి వచ్చారు. నాన్నా అంతే, తాతా అంతే, నువ్వూ అంతే. చదువు కోసం ఆ గడప దాటిన మనిషి ఇంతవరకూ మన ఇంట్లో లేదు. బూడిదకి ఇంకో అర్థం ఎక్కడ దొరుకుతుంది? ఇన్నేళ్ళూ ఎవరూ దానికి ఇంకొకటి చూపించలేదు. నేను వెళ్ళాను. బూడిద చెప్పింది ఆ వెళ్ళడమే.

నా మాట తప్పు కావచ్చు. అయినా నేను రాను. చావు రావాలంటే నీ గడప ఆపలేదు, నాన్నకొచ్చినప్పుడూ ఆపలేదు. బతికితే మాత్రం పాఠం చెప్పే మనిషిగా బతుకుతాను. క్రిస్మస్‌కి వస్తాను, మళ్ళీ అదే గుమ్మంలోంచి వెళ్తాను. నువ్వు చూస్తూ ఉండు. ఒకసారి, రెండుసార్లు, పదిసార్లు. అప్పుడు వచ్చే ఏడు అలాంటి పాదం పడితే ‘మా అమ్మాయి ప్రయాణం’ అంటావు.

పొలం నీ పేర రాయించు. ఇన్నేళ్ళూ దున్నించిందీ కోయించిందీ నువ్వే. కౌలు రాసే ఏజెంటు మొహం చిట్లిస్తే తాతని పక్కన నిలబెట్టుకో, దగ్గుతాడు.

అంతకంటే ముందు ఆ బేసిన్ తీయి. నా పాదం మీద నిప్పు వేయి అమ్మా. నాకేమీ కాదు. ఎనభై ఏళ్ళ మనిషిని నా కోసం చలిలో పెట్టకు.

పదకొండో తారీకు సాయంత్రం టపాలో నీ ఉత్తరం కోసం చూస్తాను. పొయ్యి వెలిగిందన్న ఒక్క ముక్క చాలు. రాకపోతే పన్నెండు పొద్దుటి పడవ ఎక్కి వచ్చి నేనే వెలిగిస్తాను. సెలవు లేకుండా అలా వస్తే కాలేజీ వాళ్ళు నన్ను మళ్ళీ చేర్చుకోరు. కాబట్టి పదకొండు లోపల రాయి అమ్మా.

నీ
ఈలిష్