తీగలు బిగించకముందు

సిద్దిపేట,
మంగళవారం

కువైట్‌లో ఉన్న ఎస్తేరుకు కర్ణాకర్ రాస్తున్నది.

ఇక్కడ అమ్మా నేనూ దేవుని దయవల్ల బాగున్నాం. నువ్వూ బాగున్నావని అక్కడి నుంచి పెళ్లికి వచ్చిన ఇస్తారి నా చెవి దగ్గర రెండుసార్లు అరిచి చెప్పాడు.

పెట్టె మూత తీయగానే కనబడాలని ఈ ఉత్తరాన్ని తీగల కింద దోపాను. చదవడం పూర్తయ్యేదాకా గిటార్ బయటికి తీయకు, తీగలు బిగించకు. వాటిని పూర్తిగా వదులు చేసింది నేనే. ఎందుకో కింద రాస్తాను.

ముందు నువ్వు అడిగినవాటికి జవాబులు. అమ్మ మోకాళ్లకు దవాఖాన మందు పనిచేస్తోంది, వాకిలి మళ్లీ తనే ఊడుస్తోంది. నల్లా నీళ్లు సరిగానే వస్తున్నాయి. నా చెవులు అట్లాగే ఉన్నాయి. భివండీ మరమగ్గాల దగ్గర పోయిన వినికిడి తిరిగి రాదని డాక్టర్ మళ్లీ రాసిచ్చాడు. ఫోన్ చేయడం లేదని కోపం వద్దు. ఫోన్‌లో నాకు ఈగల రొదే తప్ప నీ మాట అందదు. ఉత్తరమైతే ఒక్క మాటా పోదు.

ఇక గిటార్. నీ ఉత్తరం ఐదు పేజీల్లో మూడు దాని గురించే. చదివి వినిపిస్తే అమ్మ, “నా కొడుకు తిన్నడా పన్నడా అని ఒక్క ముక్క లేదు. గా కట్టె మీదున్న పానం నీ మీద లేదురా” అంది. నవ్వుతూనే అంది.

నువ్వు చెప్పినవన్నీ చేశాను. రేకుల వేడి తగలకుండా పెట్టెను మంచం కింద ఇటుకల మీద పెట్టాను. గోడకు ఆనించలేదు. రోజూ పొద్దున మెత్తటి బట్టతో తీగలు తుడిచాను. ఎవరినీ ముట్టనివ్వలేదు. చంద్లాపూర్ ప్రార్థనకు పోయే బస్సులో నువ్వు నిలబడి, దాన్ని సీట్లో కూర్చోబెట్టడం చూసినవాణ్ని. “గీమెకు గూడ టికెట్ కొట్టాల్నా?” అని కండక్టర్ అడిగితే, “కొట్టన్నా, కూసున్నది గదా” అన్నావు. అందుకే నేను అశ్రద్ధ చేశానని మాత్రం అనుకోకు.

నా రోజు పుస్తకం నీకు తెలుసు. ఏం పని చేశాను, ఎండ ఎట్లా ఉంది, ఎవరొచ్చారు, అన్నీ రాస్తాను. నువ్వు వెళ్లిన నాటి నుంచి ప్రతి రోజుకూ చివర గిటార్ కోసం ఒక గడి గీస్తున్నాను. నువ్వు నేర్పినట్టే దాని అంచుకు గడ్డం ఆనించి లావు తీగను మీటుతాను. చెవికి రానిది పళ్లకు వస్తుంది. నిలకడగా వస్తే గడిలో ‘బాగుంది’ అని రాస్తాను. పద్నాలుగు నెలలు అదే రాశాను.

ఈసారి ఎండలు ముదిరాయి. వేడికి చెక్క ఆరిపోతుందని నువ్వు ఎప్పుడో రాసిన మాట నన్ను పట్టుకుంది. భివండీలో దారం ఎండి తెగకుండా షెడ్డు నిండా తడి గోనెలు వేలాడదీసేవాళ్లం. ఎండకు నాకు తెలిసిన జాగ్రత్త అదొక్కటే. దుబ్బాక తువ్వాల తడిపి, పిండి, గిటార్ కింద పరిచి మూత వేశాను. వారం పాటు రోజూ మళ్లీ తడిపాను. నిన్ను ఒక్క మాట అడగలేదు.

ఎనిమిదో రోజు మీటితే పళ్లకు గరగరమని తగిలింది. తీగలు కట్టి ఉండే చెక్క, నువ్వు బ్రిడ్జి అంటావే, అది వెనక అంచున లేచింది. బస్ టికెట్ మూల దాని కిందికి దూరింది. తువ్వాల తీసేశాను. ఆరితే అదే కూర్చుంటుందనుకున్నాను. రోజూ పొద్దున అదే టికెట్ పెట్టి చూశాను. మొదట మూల పోయింది, తర్వాత సగం దాకా పోయింది. అప్పుడే తీగలు వదులు చేయాల్సింది. చేస్తే చెడిందని ఒప్పుకున్నట్టవుతుందని చేయలేదు.

మొన్న శుక్రవారం ఇస్తారి దుబ్బాకలో పెళ్లి చూసుకుని, నీ ఉత్తరం తెచ్చి ఇచ్చాడు. వచ్చే శుక్రవారం ప్రార్థనలో పాటలు నువ్వే నడిపించాలని, సెలవు కూడా ఒప్పించుకున్నావని, గిటార్ అతని చేతికిచ్చి పంపమని రాశావు. చదివిన వెంటనే పెట్టె పట్టుకుని, హార్మోనియాలు బాగుచేసే నర్సయ్య దగ్గరికి పోయాను. ఆయన టార్చి వేసి లోపలంతా చూశాడు.

“తడిబట్ట ఎవలు పెట్టమన్నరయ్యా?”

“ఎవలు చెప్పలే. నాకే తోచింది.”

“నీకు తోచిందా. గిదేమన్న మగ్గమా?”

నాకు వినబడాలని అరిచాడు. దుకాణం ముందు నిలబడ్డ వాళ్లందరికీ తెలిసింది, నీకు తప్ప.

శనివారం పాత జిగురు గీకి, కొత్తది పూసి, చెక్క లేవకుండా బిగింపులు పెట్టాడు. నిన్న తీశాడు. “అతికించిన కాడికెల్లి ఎనిమిది దినాలు తీగలు బిగియ్యకు. ముందే బిగిస్తే పాట నడుమల లేచిపోతది, పై చెక్కను గూడ చీల్చుకపోతది” అన్నాడు. ఎనిమిది రోజులంటే ఆదివారం. నీ శుక్రవారం అంతకు ముందే ఉంది. వేళ్ల మీద మూడుసార్లు లెక్కపెట్టాను. మారలేదు.

ఇస్తారితో చెప్పుకున్నాను. “వదినకు ఏం చెప్పకన్నా, శుక్రవారం ఎల్లిపోనీ. విమానంల నా కాళ్లకాడ పెట్టుకుంట, జాగ లేకుంటే నేనే లేచి నిలబడ్త” అన్నాడు.

చెప్పకపోతే నువ్వు గురువారమే శ్రుతి చేస్తావు. బ్రిడ్జి నిలబడవచ్చు. పదిమంది ముందు నీ చేతుల్లోనే ఊడి రావచ్చు. అప్పుడు దారిలో పాడుచేశాడని నువ్వు ఇస్తారిని అంటావు, వాడు నోరు విప్పడు. నిన్న రాత్రంతా నేను ఆ దారినే ఆలోచించాను. అదీ నీకు తెలియాలి.

ఉత్తరం వెనక నా రోజు పుస్తకంలోని పేజీ ఒకటి ఉంది. ఇన్నేళ్లలో నేను పేజీ చించింది ఇదే. అందులో వరుసగా తొమ్మిది గడుల్లో ‘బాగుంది’ అని కనబడుతుంది. ఆ తొమ్మిదీ అబద్ధం. బ్రిడ్జి లేచిందని తెలిసి రాశాను. నీకు అబద్ధం చెప్పే ముందు పుస్తకానికి చెప్పి అలవాటు చేసుకున్నాను.

ఈ శుక్రవారం అరువు గిటార్‌తోనే కానివ్వు. నీ సెలవు రోజు నా వల్ల పోయింది. ఆదివారం సన్న తీగలతో మొదలుపెట్టి కొద్దికొద్దిగా బిగించు. లావు తీగ మీటేటప్పుడు ఒకసారి గడ్డం ఆనించి చూడు.

పేజీ అడుగున ఆ ఆదివారం తేదీ వేసి గడి ఖాళీగా ఉంచాను. అది నేను రాసేది కాదు. నువ్వు విన్నది విన్నట్టు రాసి పంపు. చెడితే చెడిందనే రాయి. నేను దాన్ని తిరిగి పుస్తకంలో అంటిస్తాను.

ఇట్లు,
నీ భర్త
కర్ణాకర్