కామ్యార్ చెవులు

మహ్రోఖ్ అక్కా,

"ఎలుకల బోనులు కడిగేవాడివి, నీకేం తెలుసురా వెధవా!" అని ఫోన్ పెట్టేశావు. నిజమే, ఈ షిరాజ్ పరిశోధనశాలలో నా ఉద్యోగం అదే. ఎముకలోని మూలుగ ఇచ్చిన ఎలుకను చంపేస్తారని మొన్న భోజనాల దగ్గర నేనన్నదీ నిజమే. దాని ఎముక అగ్గిపుల్లంత ఉండదు, చంపకుండా ఎలా తీస్తారు? అది విని, నీ కొడుకు కామ్యార్‌కి మూలుగ ఇస్తే నీ కూతురు తారానె కూడా పోతుందనుకున్నావు. పిచ్చిదానా, మనుషులకి మత్తిచ్చి నడుము కింద తుంటి ఎముకలోంచి సూదితో కాస్త లాగుతారు. కొన్నాళ్లు నడుం పట్టేస్తుంది, తీసింది మళ్లీ ఊరుతుంది.

కామ్యార్‌లా పుట్టుకతోనే ఒంట్లో రక్తం ఊరని ఎలుకలు మా దగ్గరా ఉన్నాయి. చెవులు కాగితంలా తెల్లగా ఉంటాయి. వేరే ఎలుక మూలుగలోని రక్తం పుట్టించే కణాలు ఎక్కించాక కొన్నింటికి గులాబీ రంగొచ్చింది. కొన్ని చచ్చాయి. అదీ దాచను.

నా మూలుగ కామ్యార్‌కి సరిపోతుందేమోనని పరీక్ష చేయించుకున్నాను, కుదరలేదు. తారానెదే కుదిరింది. నా మాట నమ్మకు, శనివారం డాక్టరమ్మనే అడుగు. నేనూ వస్తాను.

ఎంత మెలేసినా వాడి చెవి ఎర్రబడదక్కా. ఒక్కసారి కందేలా మెలేసి, వాడిచేత తిట్లు తినాలనుంది.

నీ వెధవ తమ్ముడు