అయిదు లారీలు, ఒకే బోర్డు

పులివెందుల,
10 నవంబరు 1957

ప్రియమైన రత్నమణికి,

నీకు జ్వరం తగ్గి మళ్ళీ బడికి పాఠాలు చెప్పను పోతున్నావని చదివి నిమ్మళించాను. ఇక నా వార్త కూర్చుని విను. మద్రాసు లారీ కంపెనీ మన లారీని కొంటానంటోంది!

ఆ కంపెనీ ప్రొద్దుటూరులో బుకింగ్ ఆఫీసు తెరిచి మూడు నెలలు కాలేదు. అప్పుడే రెండు లారీ సర్వీసులను కొని తనలో కలిపేసుకుంది. ఇప్పుడు మాలాంటి ఒంటి లారీవాళ్ళ మీద పడింది. వేరుశనగ మూటలు మా బాడుగలో సగానికే తోలుతోంది. పదిహేను రోజులుగా నా బండి ఖాళీగా నిలబడి ఉంది. నిన్న వాళ్ళ ఏజెంటు కోదండపాణి వచ్చాడు.

"ఏంది దేవరాజూ, ఇంకెన్నాళ్ళు ఈగలు తోలుకుంటా కూసుంటావు? బండి మాకిచ్చేయ్. నీ బండికి నువ్వే డ్రైవరు. నెల జీతం, కాకీ గుడ్డలు. ప్రొద్దుటూర్లో కాపురం పెట్టుకో" అన్నాడు.

కాపురం అన్న మాటకు నా కాళ్ళు నేలమీద నిలవలేదు. పెళ్ళయి రెండేళ్ళు. నువ్వు అక్కడ, నేను ఇక్కడ. ముప్పయ్యో తేదీకి కాగితాలు తెస్తాడట. ఏమంటావు?

నీ
దేవరాజు

జమ్మలమడుగు,
14 నవంబరు

ప్రియమైన మీకు రత్నమణి వందనాలు.

మీ జాబు రెండుసార్లు చదివాను. కాపురం అన్నచోట మూడోసారి కూడా. అయినా సంతకం పెట్టకండి.

నా తరగతిలో మహమూదా అనే పిల్ల ఉంది. వాళ్ళ నాయన అబ్దుల్ సత్తార్ గారు సెప్టెంబరులో తన లారీని ఆ కంపెనీకే అమ్మారు. ఊళ్ళోనే డ్యూటీ అని చెప్పి, ఇప్పుడు బళ్ళారికి, మద్రాసుకు తిప్పుతున్నారు. ఆయన భార్య జైబున్నీసా గారు నాతో ఏమన్నారో తెలుసా? "ఏం కాపురం టీచరమ్మా! నెలకు మూడు దినాలు ఇంట్లో ఉంటే ఎక్కువ. బండి మాదైనప్పుడు ఆయన చెప్పిన కాడికి బండి పోయేది. ఇప్పుడు బండి పోయిన కాడికి ఆయన పోతాండాడు."

ఇంకొకటి. ఇక్కడ నాపరాళ్ళు తోలే లారీలన్నీ కంపెనీవి అయ్యాక బాడుగ ఒక్కసారిగా పెరిగింది. చౌక అంతా పోటీ ఉన్నన్నాళ్ళే.

వాళ్ళు అందరినీ కలుపుకుంటున్నారు కదా, పులివెందులలో మీ అయిదుగురు ఒంటి లారీవాళ్ళు మీలో మీరే ఎందుకు కలవకూడదు? రాత్రంతా ఇదే ఆలోచన. వెంటనే జాబు రాయండి.

మీ
రత్నమణి

పులివెందుల,
24 నవంబరు, ఆదివారం

ప్రియమైన రత్నా,

నీ మాట మిగతా నలుగురు లారీవాళ్ళకు చెప్పగానే బాషా నన్ను ఎత్తి తిప్పేశాడు! పార్థసారథి మాత్రం అడ్డం తిరిగాడు. "కలిసేది సరేనప్పా, పెత్తనం ఎవురిది? నీ కింద నేను చేస్తానా, నా కింద నువ్వు చేస్తావా?" అన్నాడు. ఎంతసేపు వాదించుకున్నా ఆ సంగతి తేలలేదు.

అయినా ప్రొద్దుటూరు పోయి నూనెమిల్లు అనంతపద్మనాభం గారిని కలిశాం. కంపెనీ లారీలన్నీ బళ్ళారి పత్తికి పోయి ఆయన మిల్లు రెండు దినాలు నిలిచిపోయిందట. మండిపడుతున్నాడు. "ఒంటి బండోన్ని నమ్మితే వాని బండితో పాటు నా మిల్లూ నిలబడతాది. కంపెనీని నమ్మితే ఇట్లయింది. మీరు అయిదుగురూ కలిసొచ్చినారు గదా, చూస్తాం. ఆరు దినాల్లో రెండువేల వేరుశనగ మూటలు తెండి. తెస్తే సీజనంతా మీకే" అన్నాడు.

రేపే మొదలు. శనివారం ముగియాలి. కోదండపాణి కాగితాలు తెచ్చేదీ శనివారమే. మాకోసం ప్రార్థన చెయ్యి.

నీ
దేవరాజు

జమ్మలమడుగు,
28 నవంబరు

ప్రియమైన మీకు,

మీరు మూటలు తోలే దారిలో, వేముల దగ్గర లారీ ఒకటి రోడ్డు దిగిపోయిందని బస్సు కండక్టరు చెప్పాడు. ఎవరిదో తెలియదట. పాఠం మధ్యలో ఆపి ఈ జాబు రాస్తున్నాను. మూటలు పోతే పోనివ్వండి. ఒక్క ముక్క రాయండి.

మీ
రత్నమణి

ప్రొద్దుటూరు,
1 డిసెంబరు

నా రత్నా,

క్షేమం! అందరం క్షేమం! ఆఖరి మూట నిన్న సాయంత్రం అయిదు గంటలకు మిల్లులో దించాం, సీజనంతా మనదే!

రోడ్డు దిగింది బాషా బండి. ఇరుసు విరిగింది. వాడికి మోచెయ్యి గీరుకుపోయింది, అంతే. కోదండపాణి ఎట్లా తెలుసుకున్నాడో, శనివారం దాకా ఆగకుండా కాగితాలతో అక్కడికే వచ్చాడు. "ఇప్పుడు సంతకం పెడితే ఇరిగిన బండిని కూడా తీసుకుంటాం" అన్నాడు. బాషా కలం అందుకున్నాడు కూడా. అంతలో పార్థసారథి తన ఖాళీ లారీని వెనక్కి తిప్పి పక్కన నిలిపాడు. "పెత్తనం సంగతి తర్వాత చూస్కుందాం లేప్పా, ముందు మూటలెత్తండి" అని తానే మొదటి మూట భుజాన వేసుకున్నాడు. బాషా కలం తిరిగిచ్చేశాడు. ఆ దారిన కంపెనీ లారీలో పోతున్న అబ్దుల్ సత్తార్ గారు దిగి, కాకీ చొక్కా విప్పి పక్కన పెట్టి, మాతోపాటు బండి కింద దూరారు. మరుసటి రోజుకు ఇరుసు మార్చేశాం.

నిన్న మిల్లు ముందర మళ్ళీ పెత్తనం మాట వచ్చింది. బాషానే అన్నాడు, "కలవమని చెప్పింది ఎవురు? దేవరాజప్పనా? వాళ్ళ ఇంటామె. లెక్క తెలిసిన మనిషి, మనలో ఎవురి పక్కా పట్టదు. టీచరమ్మనే పెడదాం." పార్థసారథి అందరికంటే ముందు చెయ్యెత్తాడు.

నీకు రాసి అడుగుతానన్నాను. నీ బడి నీకెంత ఇష్టమో నాకు తెలుసు. నువ్వు కాదంటే ఇంకొకరిని చూస్తాం.

నీ
దేవరాజు

జమ్మలమడుగు,
8 డిసెంబరు

ప్రియమైన మీకు,

రెండు రోజులు ఏడ్చాను, మూడోరోజు రాజీనామా ఇచ్చాను. అర్ధ సంవత్సర పరీక్షలు ముగించి ఇరవయ్యో తేదీన వస్తాను. ప్రొద్దుటూరులో ముందుగది ఆఫీసుకు పనికొచ్చే ఇల్లు చూడండి. బోర్డు మీద ఎవరి పేరూ వద్దు, అయిదు లారీల నంబర్లూ రాయించండి.

నిన్న కోదండపాణి గారు బడికే వచ్చారు. మన అయిదు లారీలనూ కలిపి ఒకే బేరంగా కొంటారట, ధర నన్నే చెప్పమన్నారు. నాకేం తోచిందో, "మీ దగ్గర అమ్మకానికి ఎన్ని ఉన్నాయండీ?" అని అడిగేశాను. నవ్వుతారనుకున్నాను. నవ్వలేదు. కుర్చీ దగ్గరికి జరుపుకుని గొంతు తగ్గించారు. కొంటామన్నది పైమాటేనట; బళ్ళారి పత్తి కోసం కంపెనీ అప్పు చేసి కొత్త బండ్లు కొన్నదట, ఇప్పుడు బ్యాంకు గొంతు మీద కూర్చుందట.

"రెండుండాయమ్మా" అన్నారు.

ఈ జాబు అందగానే బాషాను వెంట తీసుకుని పోయి ఆ రెండు లారీల ఇంజన్లు చూసి రండి. కాగితాల మీద సంతకాలు మాత్రం నేను వచ్చాకే.

మీ
రత్నమణి