పాత వెర్షన్

2021 ఏప్రిల్ 9

డాక్టర్ విజయశ్రీ ఫోన్ చేసింది. పాండేసరలో బట్టలకు రంగులద్దే మిల్లులో పనిచేసే ఒకతను వాళ్ల ఆస్పత్రి గేటు దగ్గరే పోయాడట. రోజూ మా యాప్‌నే అడిగేవాడట. జ్వరం ఉంది, ఆయాసం లేదు అని నొక్కినప్పుడల్లా అది ఇంట్లోనే ఉండమంది. అతని తమ్ముడు ఆ స్క్రీన్ ఆమెకు చూపించాడు.

ఆ రూల్ నిరుడు ఆమె చెప్పిందే. కోడ్ రాసింది నేను. ఈసారి ఆయాసం తెలియకుండానే చాలామందికి ఆక్సిజన్ పడిపోతోందట. రూల్ మార్చమంది. ఆమె ఏడవలేదు. నేనూ ఏడవలేదు.

ఏప్రిల్ 10

ఇచ్ఛాపూర్‌లో మా ల్యాబ్ అసలు పని వేరు. మిల్లులో మెషిన్ ఆగితే ప్రశ్నలడిగి కారణం చెప్పే ఎక్స్‌పర్ట్ సిస్టమ్ తయారుచేయడం. షెడ్లలో నెట్ అందదు కాబట్టి ఒక ఫోన్ నుంచి పక్కనున్న ఫోన్‌కు దానంతటదే వెళ్లేలా చేశాం. లాక్‌డౌన్‌లో మెషిన్ ప్రశ్నలు తీసేసి జ్వరం ప్రశ్నలు పెట్టాం. కార్మికుల గదుల్లో అది వేగంగా పాకింది. ఆఫీసులో కేక్ కోశారు.

ఇవాళ మా హెడ్ ఉమాకాంత్ గారు వీడియో కాల్ చేసి యాప్ ఆపేయమన్నారు. ఆపే బటన్ లేదని చెప్పాను. మధ్యలో సర్వర్ లేదు. పాతదాని మీదికి కొత్త వెర్షన్ వెళ్లాలి, వేరే దారి లేదు. అయితే ఖాళీ వెర్షన్ పంపమన్నారు. అందులో ప్రశ్నా ఉండదు, జవాబూ ఉండదు. మనం డాక్టర్లం కాదు శ్రీప్రియా అన్నారు. అది నిజమే.

ఏప్రిల్ 11, ఆదివారం

రెండు వెర్షన్లూ సిద్ధంగా ఉన్నాయి. ఒకటి ఖాళీది, ఒకటి సరిచేసింది. విజయశ్రీని అడిగాను. హెల్ప్‌లైన్ ఎవరూ ఎత్తడం లేదు, ఖాళీది పంపితే వాళ్లు ఎవరిని అడుగుతారు అంది.

భోజనం చేశాక సరిచేసినదానికి ల్యాబ్ డిజిటల్ సంతకం పెట్టి వదిలాను. తర్వాత ఉమాకాంత్ గారికి చెప్పాను. ఇదంతా మెయిల్‌లో పెట్టమన్నారు. పెట్టాను.

ఏప్రిల్ 12

నెట్ ఉన్న ఫోన్లు ఒకదాన్నుంచి ఒకటి తీసుకుని మారాయి. పాండేసర మారలేదు.

ఏప్రిల్ 13

అక్కడ రీఛార్జి లేని ఫోన్లే ఎక్కువ. కొత్త వెర్షన్ ఉన్న ఫోన్ వాటి పక్కన కాసేపు ఉండాలి. ఆల్థాన్‌లో మా ఇంటి నుంచి స్కూటీ మీద వెళ్లాను. రెండు మాస్కులు, ఫేస్ షీల్డ్, బ్యాగులో ఆక్సీమీటర్.

ముత్యం అక్కడ డైయింగ్ మెషిన్ ఆపరేటర్. మెషిన్ యాప్ టెస్టింగ్ అప్పటి నుంచి తెలుసు. విషయం చెప్పగానే తన ఫోన్ నా ఫోన్ పక్కన పెట్టాడు. మారింది. ఇద్దరం చెరో వరుస గదులు తిరిగాం. కొందరు తలుపు తీయలేదు. ఒకావిడ టీకా వేయడానికి వచ్చాననుకుని పిల్లల్ని లోపలికి లాక్కుంది.

చివర్లో మీ ఇల్లెక్కడ అని ముత్యాన్ని అడిగాను. చూపించడానికి వెనకాడాడు. భార్య ఐలమ్మకు నాలుగు రోజులుగా జ్వరమట. ఎందుకు చెప్పలేదన్నాను. "మీ ఫోనే ఇంట్ల ఉండుమన్నది గద మేడం, గందుకే ఉన్నం" అన్నాడు. కోపంగా అనలేదు.

కొత్త వెర్షన్ ఆయాసం ఉందా అని అడిగే ముందు గదిలో కాసేపు నడవమంటుంది. ఐలమ్మ గోడ పట్టుకుని నడిచింది. మంచిగనే ఉన్న, జర నీరసం, అంతే అంది. ఆక్సీమీటర్ ఎనభై ఆరు చూపించింది. నా వేలికి పెట్టి చూశాను. తొంభై ఎనిమిది. మళ్లీ ఆమెకు పెట్టాను. ఎనభై అయిదు.

అంబులెన్స్ కోసం ఫోన్ చేస్తే లైను కలవలేదు. ఆటోవాడు ముందు రానన్నాడు. ముత్యం అతనితో గుజరాతీలో ఏదో అన్నాడు, అప్పుడు వచ్చాడు. నేను స్కూటీ మీద వెనకే వెళ్లాను.

ఏప్రిల్ 14

విజయశ్రీ ఆస్పత్రిలో బెడ్ లేదు. వరండాలో పరుపు వేసి ఆక్సిజన్ పెట్టారు. ఇంకో రోజు ఆగి ఉంటే పరుపు కూడా అక్కర్లేకపోయేదని విజయశ్రీ అంది. ఆ మాట ముత్యానికి చెప్పలేదు.

మళ్లీ పాండేసర వెళ్లాను. నిన్న తలుపు తీయని గదుల్లో రెండు తీశారు.

ఏప్రిల్ 17

ఎవరి ఫోనూ రాలేదు. నేనూ ఎవరికీ చేయలేదు.

ఏప్రిల్ 26

పాండేసరలో నాకు తెలిసినంతవరకు పాత వెర్షన్ లేదు. నేను చూడని ఫోన్ల సంగతి తెలియదు.

ఉమాకాంత్ గారు ఆఫీసుకు పిలిచారు. బల్లకు ఆ చివర ఆయన, ఈ చివర నేను. పైవాళ్ల నిర్ణయమని, తన చేతిలో ఏం లేదన్నారు. రాజీనామా నేనే రాశాను. ఆయన అందులో తేదీ సరిచేశారు. లేచేటప్పుడు, ఎంతమంది ఆస్పత్రికి వెళ్లారో తెలుసా అని మెల్లగా అడిగారు. ఒక్కరి సంగతే తెలుసన్నాను. ఆమె ఎలా ఉందన్నారు. ఇంకా ఆక్సిజన్ మీదే ఉందన్నాను.

మే 9

ముత్యం ఫోన్ చేశాడు. ఇక అక్కర్లేదని ఐలమ్మకు ఆక్సిజన్ తీసేశారట. ఇంకా ఏదో చెప్పబోయి ఏడ్చాడు. మిల్లు చప్పుడులో సరిగ్గా వినపడలేదు.

జూన్ 20

అటువైపు వెళ్తూ వాళ్ల ఇంటి ముందు ఆగాను. ముత్యం షిఫ్ట్‌లో ఉన్నాడు. ఐలమ్మ తలుపు తీసింది. మాస్కు, షీల్డ్ లేకుండా నా ముఖం ఆమె ఎప్పుడూ చూడలేదు. జ్వరాల సర్వేకి వచ్చినదాన్ననుకుంది. నేను నోరు తెరిచేలోపే, "జరం లేదు, దగ్గు లేదు, ఇంట్ల నలుగురం మంచిగున్నం, రాస్కో బిడ్డా" అంది.

రాసుకున్నాను.