మిడతా? గేదా?

మార్చి 2, ఆదివారం

వదిన ఇక సైకిల్ తొక్కదట. ఇవాళ కొండ దిగేటప్పుడు పాత బండి ఆమె నడుం విరగ్గొట్టినంత పని చేసింది. ఎముకలన్నీ సంచిలో పోసి కుదిపినట్టుందని, ఇక వయసుకి తగ్గ పని ఏదైనా చూసుకుంటానని అంది.

నాకు ఏడుపొచ్చింది. ఏళ్ల తరబడి మా ఆదివారాలు ఇవే. మా అన్నయ్య జీవితంలో చేసిన ఒకే ఒక్క మంచి పని వదినని పెళ్లి చేసుకోవడం.

మార్చి 5, బుధవారం

ఫిజియో ఒక దారి చూపించాడు. ముందూ వెనకా రెండు వైపులా కుదుపులు ఆపే సస్పెన్షన్ ఉన్న బండైతే ఫరవాలేదట. వదిన శనివారం ఒక్క ట్రయల్‌కి ఒప్పుకుంది. అప్పుడూ నొప్పి వస్తే బండి అటకెక్కాల్సిందే, నేను మళ్లీ ఆ ఊసెత్తకూడదు.

మార్చి 6, సాయంత్రం

షాపులో రెండు కంపెనీలవి ఉన్నాయి. రెండు పేర్లూ నోరు తిరగనివే. ఆకుపచ్చది తేలిక, ఎగిరెగిరి పడుతుంది. దానికి మిడత అని పేరు పెట్టాను. నల్లది ఒడ్డూ పొడుగూ ఉన్న బండి. వదిన దాన్ని గేదె అంది. ఇద్దరం ఒకే కంపెనీ కొంటే స్పేర్లు కలిసొస్తాయి. నా మనసు మాత్రం అప్పుడే మిడత మీద పడింది.

వెనక చక్రం కుదుపు మింగే గొట్టాన్ని షాక్ అంటారు, దాన్లో గాలి నింపేది ఎక్కేవాళ్ల బరువుని బట్టి. అందుకే మేం వదిన ఇంటికొచ్చాక షాపువాడు ఫోన్ చేసి మా బరువులు అడిగాడు. వదిన నా చెవిలో ఒక అంకె చెప్పింది. ఎదురుగా అన్నయ్య కూర్చుని ఉన్నాడు. అందుకని కాస్త మర్యాద చేసి చెప్పాను.

మార్చి 8, శనివారం

అంతా నాశనం.

మిడత మీద నేను తేలిపోయాను. గాలి ఆమె బరువుకి మార్చాక వదిన ఎక్కితే అదే మిడత ప్రతి రాయి దగ్గరా దభీమని కూలబడింది. గేదె ఎక్కింది. అదీ అంతే. మెకానిక్‌కి ఏమీ పాలుపోలేదు. మేం చెప్పిన బరువుకి ఆ గాలి సరిపోవాలన్నాడు. షాక్ లీకవుతోందేమోనని మార్చి చూశాడు. మళ్లీ దభీ. కాసేపు మిడత కంపెనీని, కాసేపు గేదె కంపెనీని తిట్టాడు.

వదిన హెల్మెట్ తీసి నా చేతిలో పెట్టింది. తిరిగొచ్చే దారంతా కారు కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చుంది.

మార్చి 9, ఆదివారం

వెళ్లలేదు. ఒక్కదాన్నే ఎందుకు?

మార్చి 11, మంగళవారం

కనిపెట్టాను!

నా ఉద్యోగం కళ్లు పరీక్ష చెయ్యడం. లెన్స్ మార్చి మార్చి, ఇది బాగుందా ఇందాకటిది బాగుందా అని రోజంతా అడుగుతాను. ఇవాళ ఒక పెద్దాయన ఏది వేసినా మసకే అన్నాడు. చూస్తే నేను మొదట రాసుకున్న నంబరే తప్పు. తప్పు నంబర్ మీద ఎన్ని లెన్సులు మార్చినా ఏం లాభం? అప్పుడు వెలిగింది. ఆయన్ని పంపించి తిన్నగా వదిన ఇంటికి పరిగెత్తాను.

నేను షాపువాడికి తగ్గించి చెప్పానని ఒప్పుకున్నాను. మొగుడి ముందు ఆడపడుచు ఆ మాత్రం పరువు కాపాడకపోతే ఎలా అనుకున్నానని కూడా చెప్పాను. వదిన నన్ను కొరికి తినేసేలా చూసింది. తర్వాత ముఖం అదోలా పెట్టింది. తర్వాత పడీ పడీ నవ్వింది. నా చెవిలో చెప్పినప్పుడే తనూ తగ్గించిందట! తిలా పాపం తలా పిడికెడు. షాపువాడు గాలి కొట్టింది వదినకి కాదు, కాలేజీ రోజుల్లోని వదినకి.

ఈవిడ ఎయిర్‌పోర్ట్‌లో బ్యాగులు తూచే కౌంటర్‌లో పనిచేస్తుంది! అర కిలో ఎక్కువున్నా ఎవరినీ వదలదు. ఒకసారి సొంత మొగుణ్ణే వదల్లేదు.

అన్నయ్య వచ్చి ఎందుకా నవ్వని అడిగితే ఇద్దరం ఒకేసారి ఏం లేదన్నాం.

మార్చి 15, శనివారం

షాపు నిండా జనం. వదిన నేరుగా కౌంటర్ దగ్గరికి వెళ్లి, బూట్లు, బ్యాగు, నీళ్ల సీసాతో సహా తన అసలు బరువు ప్రకటించింది. ఎయిర్‌పోర్ట్ గొంతుతో. ఆ అంకె ఇక్కడ రాయను. మెకానిక్ గాలి కొట్టాడు, కొట్టాడు, చెమటలు పట్టేదాకా కొట్టాడు.

మిడత మీద వెళ్లొచ్చి బాగుందంది. గేదె మీద వెళ్లి ఎంతకీ రాలేదు. రెండుసార్లు గుమ్మం దాకా వెళ్లి చూసొచ్చాను. చివరికి మొహమంతా బురదతో, పళ్లు మాత్రం తెల్లగా మెరుస్తూ వచ్చింది. నొప్పి సంగతి అడిగితే, నొప్పా, ఏ నొప్పి అని నన్నే ఎదురడిగింది.

గేదే కావాలట. రాళ్ల మీద కూడా చెప్పిన మాట వింటుందట, తన ఇంట్లో ఇంకెవరూ వినరట. మిడతే మేలని ఎంత చెప్పినా వినలేదు. స్పేర్ల సంగతి గంగలో కలిసింది. నేను మిడత, ఆమె గేదె.

మార్చి 23, ఆదివారం, ఉదయం, కొండ మధ్యలో

ఫోన్‌లో రాస్తున్నాను. పంక్చర్. వదిన వెళ్లిపోయింది. వెనక నేను లేనని ఇంకా చూసుకోనే లేదు. కిందెక్కడినుంచో ఆమె కేకలు వినిపిస్తున్నాయి. సంతోషం కేకలు.

పిలవను.