ఎండ తగిలిన ఫిల్మ్

ఆదివారం, వాటర్‌ఫోర్డ్

వారమంతా వాన. ఎండ కాసింది ఇవాళే, నేనేమో సర్క్యూట్ బోర్డు చేద్దామని పొద్దున్నే కర్టెన్లన్నీ మూసేశాను. ఫోటోరెసిస్ట్ ఫిల్మ్‌కు ముందే ఎండ తగిలితే మొత్తం గట్టిపడి పనికిరాకుండా పోతుంది. ఇస్త్రీపెట్టెతో దాన్ని రాగి పలకకు అతికించానో లేదో, ఎవరో తలుపు కొట్టారు. పలక కప్పడం మరిచిపోయి వెళ్లి తలుపు తీశాను. పక్కింటి ముసలావిడ.

"పొద్దుట్నుంచీ కర్టెన్లు తియ్యలేదు, ఒంట్లో బాగానే ఉందా?" అని ఇంగ్లిషులో అడిగింది.

"గ్రాండ్" అన్నాను, బాగానే ఉన్నానని చెప్పడానికి ఇక్కడివాళ్లు అనే మాట. శుక్రవారం ఆఫీసు కాల్ తర్వాత నా నోట వచ్చిన మొదటి మాట అదే.

గుమ్మంలో నిలబడి పది నిమిషాలు ఎండ గురించే మాట్లాడుకున్నాం. తిరిగొచ్చేసరికి తలుపులోంచి పడ్డ ఎండకు లేత నీలం ఫిల్మ్ గట్టిపడి ముదురు నీలమైపోయింది. కోపం రాలేదు.

రేపు ఫిల్మ్ ముట్టుకోను. కర్టెన్లు మాత్రం మూసే ఉంచుతాను.